బొమ్మ అసలు కొలత చెప్పండి: కళా గ్రంథాల ప్రచురణకర్తలకు ఒక బహిరంగ లేఖ

చిత్రకళా చరిత్ర మీద, పేరున్న చిత్రకారుల మీద బొమ్మల పుస్తకాలు వేస్తున్న ప్రచురణకర్తలకు, సంపాదకులకు, పేజీలు కూర్చే డిజైనర్లకు,

నమస్కారం.

మీ పుస్తకాలు కొని దాచుకునేవాళ్ళు, లైబ్రరీలో గంటల తరబడి తిరగేసేవాళ్ళు, స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. లోకంలో గొప్పవని చెప్పుకునే చిత్రాల్లో ఎక్కువ వాటిని మాలాంటివాళ్ళం మ్యూజియం గోడ మీద ఎప్పటికీ చూడం. మాకు దక్కేది మీ పేజీ ఒక్కటే. మీరు బొమ్మను ఏ సైజులో వేస్తే అదే దాని సైజు అనుకుంటాం. ఎక్కడ కోస్తే అదే దాని అంచు అనుకుంటాం. మీ ప్రెస్సులో పడిన రంగే చిత్రకారుడు వేసిన రంగనుకుని జీవితాంతం గుర్తు పెట్టుకుంటాం. అందుకే ఈ ఉత్తరం. అడగదలచుకున్నది నిజానికి ఒకటే: బొమ్మ గురించి మాకు నిజం చెప్పండి. అది ఎంత పెద్దదో, ఎక్కడిదాకా ఉందో, మీరు అచ్చువేసిన ఫోటో ఎప్పటిదో చెప్పండి.

ముందు సైజు సంగతి. లియొనార్డో వేసిన 'మోనాలిసా' 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పాప్లర్ చెక్క మీది చిత్రం. పికాసో 1937లో వేసిన 'గెర్నికా' దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, 7.77 మీటర్ల పొడవు. సాల్వడార్ డాలీ గడియారాలు కరిగి జారిపోతున్నట్టు వేసిన 1931 నాటి చిత్రం ఎత్తు 24 సెంటీమీటర్లు, వెడల్పు 33. అంటే మామూలు ఎ4 కాగితం కన్నా కాస్త పెద్దది, అంతే. ఈ మూడింటినీ ఒకే పుస్తకంలో తలా అర పేజీలో వేస్తారు. చూసేవాళ్ళకు మూడూ ఒకే కొలతలో కనబడతాయి. దగ్గరికి వెళ్ళి కళ్ళు చిట్లించి చూడాల్సిన బొమ్మేదో, ఎదురుగా నిలబడితే మనిషినే మింగేసే బొమ్మేదో ఎలా తెలుస్తుంది? చిత్రకారుడు కాన్వాసు కొలత ఎంచుకోవడంలోనే సగం మాట చెప్పేస్తాడు. ఆ సగం మాట మీ పుస్తకంలో ఎగిరిపోతోంది.

కొలతలు వేశాం కదా అంటారేమో. నిజమే, చాలా పుస్తకాల్లో వేస్తారు. ఎక్కడ? పుస్తకం చివర, చిత్రాల జాబితాలో, భూతద్దం పెడితే గానీ కనబడని అక్షరాల్లో. నూరో పేజీలో బొమ్మ చూస్తూ మూడువందలో పేజీ తీసి కొలత వెతుక్కునేవాళ్ళు ఎంతమంది ఉంటారు? దాన్ని బొమ్మ కిందే, క్యాప్షన్‌లోనే వేయండి. ఇంకా మంచి పద్ధతి ఉంది. బొమ్మ పక్కన చిన్న దీర్ఘచతురస్రం గీసి, దాని పక్కన మనిషి ఆకారం నిలబెడితే చాలు. అంకెలు చదవని పిల్లలకు కూడా సంగతి అర్థమైపోతుంది. ఇందుకు పేజీలో బొటనవేలంత చోటు కూడా అక్కర్లేదు.

ఇక నేను గట్టిగా కోరే విషయం. పేజీలో పట్టే బొమ్మల్ని అసలు సైజులోనే వేయండి. ఇలాంటివి మీరనుకున్న దానికన్నా చాలా ఉన్నాయి. డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన 'లేస్ అల్లే అమ్మాయి' ఎత్తు 24, వెడల్పు 21 సెంటీమీటర్లే. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 'పెద్ద కెరటం' సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ముద్రణ, పెద్ద సైజు పుస్తకంలో హాయిగా పడుతుంది. మొగల్ చిత్రాలు ఎన్నో చేతిలో పట్టుకుని చూడటానికే వేసినవి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1502లో నీటిరంగులతో వేసిన కుందేలు కూడా అంతే, సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తే. దాన్ని అసలు కొలతలో వేస్తే ఏం జరుగుతుందో ఆలోచించండి. ఒంటి మీద ఒక్కో వెంట్రుక ఏ దిక్కుకు వాలిందో తెలుస్తుంది. చెవుల లోపలి పలచటి చర్మం, మీసాల్లో ఒక్కొక్క పోగు విడివిడిగా కనిపిస్తాయి. కంటిలోకి చూస్తే గది కిటికీ నీడ, అడ్డ పట్టీతో సహా, మెరుస్తూ ఉంటుంది. అడవి జంతువు కంట్లో కిటికీ! ఆ ఒక్క మెరుపుతో అది చిత్రకారుడి గదిలో, అతని ఎదుట కూర్చున్న ప్రాణి అనిపిస్తుంది. అదే బొమ్మను అగ్గిపెట్టెంత చేసి పేజీ మూలన పడేస్తే అదొక కుందేలు బొమ్మ, అంతే.

చిన్న బొమ్మను పెద్దది చేసి చూపడం కూడా తప్పు కాదు. నాకు వివరాల పేజీలంటే చాలా ఇష్టం. వెర్మీర్ అమ్మాయి ముందున్న మెత్త మీంచి జారుతున్న ఎరుపు, తెలుపు దారాల్ని పెద్దవి చేసి చూస్తే అవి దారాల్లా ఉండవు, ఒలికిన రంగులా ఉంటాయి. అమ్మాయి వేళ్ళ మధ్య బిగించిన దారం మాత్రం సన్నగా, నిటారుగా ఉంటుంది. అంత తేడా ఒకే బొమ్మలో ఎందుకు పెట్టాడన్న ప్రశ్న పుట్టేది ఆ పెద్ద ఫోటో వల్లే. యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫిని దంపతుల చిత్రంలో వెనక గోడకున్న కుంభాకార అద్దం కూడా అలాంటిదే. దాని చట్రం చుట్టూ పది చిన్న గుండ్రటి బొమ్మల్లో క్రీస్తు కడగండ్ల కథ ఉంది. అద్దం లోపల, గుమ్మంలో నిలబడ్డ మరో ఇద్దరు మనుషులున్నారు. పెంచి చూపకపోతే ఇవేవీ మాకు తెలిసేవి కావు. మా కోరికల్లా ఒకటే, ఎన్ని రెట్లు పెంచారో పక్కన రాయండి. లేకపోతే వాన్ ఐక్ అద్దాన్ని పళ్ళెమంత వేశాడనుకుంటాం.

ఇప్పుడు కోత గురించి, మడత గురించి. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది.

రఫేల్ వేసిన సిస్టీన్ మడోన్నా చిత్రంలో అడుగున మోచేతులు ఆనించుకుని పైకి చూస్తున్న ఇద్దరు బాల దేవదూతలున్నారు. ఆ ఇద్దరినే కత్తిరించి ముఖచిత్రాలు వేసి వేసి, వాళ్ళొక పెద్ద చిత్రంలో అడుగు భాగమన్న సంగతే చాలామందికి తెలియకుండా చేశారు. వాళ్ళు చూస్తున్నది పైనున్న తల్లీబిడ్డల వైపు. వాళ్ళ చూపు ఎటు పోతోందో చెప్పకుండా ఆ చూపును అమ్ముకోవడం న్యాయం కాదు. ముఖచిత్రానికి ఒక ముక్క కావాలంటే తీసుకోండి. కానీ లోపల పూర్తి చిత్రం ఒక్కసారైనా, నాలుగంచులూ కనబడేలా ఉండాలి. 'ఇది చిత్రంలో ఒక భాగం' అని రాయడానికి నాలుగు మాటలు చాలు.

పుస్తకం నడిమి మడత కోత కన్నా పెద్ద శత్రువు. హోల్బైన్ 1533లో వేసిన 'రాయబారులు' చిత్రం సంగతి చూడండి. రెండు మీటర్లకు పైగా ఎత్తు, దాదాపు అంతే వెడల్పు. ఇద్దరు మనుషులు చెరో పక్కన నిలబడి ఉంటారు. మధ్యలో రెండరల బల్ల. దాని మీద గ్లోబులు, సూర్యగడియారాలు, కొలత పనిముట్లు. కింది అరలో ఒక తీగ తెగిన వీణలాంటి వాద్యం. ఇద్దరి కాళ్ళ దగ్గర, నేలకు అడ్డంగా, ఏమిటో తెలియని సాగిన ఆకారం. కుడి పక్కకు జరిగి, ఓరగా చూస్తే అది మనిషి పుర్రెగా మారిపోతుంది. పైన ఎడమ మూల, ఆకుపచ్చ తెర చాటున, సగమే కనబడే చిన్న సిలువ.

డిజైనర్ ఈ చిత్రాన్ని రెండు పేజీల మీద పరిచాడనుకోండి. పెద్దగా వేశాం కదా అని సంతోషిస్తాడు. కానీ మడత సరిగ్గా బల్ల మధ్య నుంచి దిగి పుర్రెను చీల్చుకుంటూ పోతుంది. తెగిన తీగ కుట్టులో కలిసిపోతుంది. అంచులు సమం చేయడానికి ఎడమ వైపు కాస్త కోస్తే సిలువ మాయం. చిత్రకారుడు మూడు చోట్ల దాచిన మూడు సంగతులూ పోతే ఇక మిగిలేది ఇద్దరు ధనవంతులు, వాళ్ళ ఖరీదైన బట్టలు. అదే చిత్రాన్ని ఒకే పేజీలో, చదునుగా, నాలుగంచులతో వేస్తే పాఠకుడు పుస్తకం పైకెత్తి, కుడి అంచు దగ్గర కన్ను పెట్టి, పుర్రెను తానే పట్టుకోగలడు. దాదాపు ఐదు వందల ఏళ్ళ నాటి కనికట్టు కాగితం మీద కూడా పనిచేస్తుంది. మీరు చేయనివ్వాలంతే.

పొడవాటి చిత్రాలైతే వేరే దారి చూడాలి. చైనాలో ఝాంగ్ జెదువాన్ వేసిన నదీతీరపు చిత్రపటం సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, ఐదు మీటర్ల పైన పొడవు. చేత్తో కొద్దికొద్దిగా విప్పుతూ కుడి నుంచి ఎడమకు చూడాల్సిన బొమ్మ. దాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పేరిస్తే నది ఎటు పారుతుందో కూడా తెలియదు. మడత విప్పే పొడుగు పేజీ ఒకటి కుట్టించండి. ఖర్చవుతుందని తెలుసు. ఆ ఒక్క పేజీ కోసమే పుస్తకం కొనేవాళ్ళుంటారని కూడా తెలుసు.

కొన్ని చిత్రాల్ని మీకన్నా ముందే ఎవరో కోశారు. రెంబ్రాంట్ 1642లో పూర్తి చేసిన 'నైట్ వాచ్' నగర రక్షక దళం చిత్రం. దాన్ని 1715లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాల్ గోడకు పట్టించడానికి నాలుగు వైపులా కత్తిరించారు. ఎడమ పక్క ఎక్కువ పోయింది, ఆ పక్కనున్న మనుషులతో సహా. అందుకే దళం కెప్టెన్, అతని లెఫ్టినెంట్ ఇప్పుడు చిత్రం నడిమధ్యకు వచ్చేశారు. రెంబ్రాంట్ వాళ్ళను కాస్త కుడి పక్కన పెట్టి, ముందుకు నడుస్తున్నట్టు చూపించాడు. పాత రూపం ఎలా ఉండేదో చెప్పే చిన్న నకలు ఒకటి మిగిలింది. దాని ఆధారంగా 2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం పోయిన భాగాల్ని మళ్ళీ తయారుచేసి చిత్రం చుట్టూ అమర్చి చూపింది. 'నైట్ వాచ్' అచ్చువేసే ప్రతి పుస్తకంలోనూ ఆ నకలు తపాలాబిళ్ళంత సైజులోనైనా ఉండాలి. చిత్రం కూర్పు గురించి రెండు పేజీలు రాసి, కూర్పు మారిందన్న మాట రాయకపోతే ఆ రెండు పేజీలకు అర్థం లేదు.

ఫోటో ఎప్పటిదన్న విషయాన్ని మీలో చాలామంది పట్టించుకోరు. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ (ప్రార్థనా మందిరం) పైకప్పును మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా వేశాడు. శతాబ్దాల కొవ్వొత్తుల మసి, పాత జిగురు తీసేసే పని 1980లో మొదలైంది. అంతకు ముందు ఫోటోల్లో గోధుమరంగు మసకలో ఉన్న బొమ్మలు, తర్వాతి ఫోటోల్లో నారింజ, లేత ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో వెలిగిపోతుంటాయి. శుభ్రం చేసేటప్పుడు మైకెలాంజిలో వేసిన నీడలు కూడా పోయాయని వాదించినవాళ్ళూ ఉన్నారు. ఎవరిది ఒప్పో తేల్చుకోవాలంటే పాఠకుడికి రెండు ఫోటోలూ కావాలి, రెండింటి తేదీలూ కావాలి.

డ్రెస్డెన్‌లో ఉన్న వెర్మీర్ చిత్రం ఇంకా విచిత్రం. కిటికీ దగ్గర ఉత్తరం చదువుకుంటున్న అమ్మాయి, వెనక ఖాళీ గోడ. ఆ గోడ కింద మన్మథుడి బొమ్మ దాగి ఉందని 1979లో ఎక్స్-రే తీసినప్పుడు తెలిసింది. దాన్ని కప్పింది వెర్మీర్ కాదని, ఆయన పోయాక ఎవరో చేసిన పని అని తర్వాత తేలింది. పై రంగు తీసేసి 2021లో చిత్రాన్ని మళ్ళీ ప్రదర్శించారు. ఇప్పుడా గోడ మీద నిలువెత్తు మన్మథుడున్నాడు. అది ప్రేమలేఖేనని బొమ్మే చెబుతోంది. పాత ఫోటోతో, పాత వ్యాఖ్యతో ఇప్పుడు రీప్రింట్ వేస్తే అది ఇప్పుడు లేని చిత్రం గురించిన పుస్తకం అవుతుంది. పాత ఫోటోను పారేయమనడం లేదు. పక్కపక్కన రెండూ వేస్తే ఇంతకన్నా మంచి పాఠం ఉండదు.

వాన్ గో పడకగది కూడా ఇలాంటిదే. గోడలు లేత ఊదారంగని 1888 అక్టోబరులో తమ్ముడికి స్వయంగా రాశాడు. ఇప్పుడవి నీలంగా కనిపిస్తాయి, అందులోని ఎరుపు వెలిసిపోయింది కాబట్టి. పైగా ఆ పడకగది చిత్రాలు మూడున్నాయి. ఒకటి ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఒకటి షికాగోలో, ఒకటి పారిస్‌లో. మూడో దాని సైజు చిన్నది. మంచం పక్క గోడకు వేలాడే పటాలు ఒకదానికొకటి మారతాయి. 'పడకగది, వాన్ గో' అని మాత్రమే రాస్తే మేం ఏ గది చూస్తున్నట్టు?

ముద్రణ పరిమితుల గురించి ఎక్కువ రాయను, అవి నాకన్నా మీకే బాగా తెలుసు. నాలుగు రంగుల సిరాతో బంగారు రేకు అచ్చు పడదు. క్లిమ్ట్ 'ముద్దు' చిత్రంలో బంగారం కాగితం మీద ఆవపొడి రంగులోకి దిగిపోతుంది. ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పండి, మేం అర్థం చేసుకుంటాం. చుక్కలతో బొమ్మలు కట్టిన ఫ్రెంచ్ చిత్రకారుడు సూరా వేసిన 'గ్రాండ్ జాట్' విషయంలో మాత్రం ఒక మంచి అవకాశం ఉంది. మూడు మీటర్ల ఆ కాన్వాసు నిండా ఆయన పెట్టిన చుక్కలు చిన్న ఫోటోలో కలిసిపోయి, వాటి స్థానంలో మీ ప్రెస్సు చుక్కలు మిగులుతాయి. రంగు అచ్చు కూడా సన్నటి సిరా చుక్కలతోనే పడుతుంది కదా. రెండు పద్ధతులదీ ఒకే సూత్రం, చుక్కల్ని కలిపేది చూసేవాడి కన్నే. కాన్వాసులో అరచేతంత భాగాన్ని అసలు కొలతలో ఎదురు పేజీలో వేస్తే ఏ చుక్క ఎవరిదో పాఠకుడికి విడిగా తెలుస్తుంది.

చిత్రకారుల జీవిత కథల గురించి ఒక మాట. వాన్ గో చెవి కోసుకున్న సంగతి ప్రతి పుస్తకంలో పేజీల కొద్దీ ఉంటుంది. ఆయన ఉత్తరాలు ఎనిమిది వందలకు పైగా మిగిలాయి. వాటిలో ఎన్నింటిలోనో మాటల మధ్యే గీసిన స్కెచ్‌లున్నాయి. ఆ ఉత్తరాల పేజీలు ఎన్ని పుస్తకాల్లో కనబడతాయి? ఇటలీ చిత్రకారిణి ఆర్తెమీసియా జెంటిలెస్కి విషయంలో ఇది మరీ బాధ కలిగిస్తుంది. తనపై జరిగిన అత్యాచారం కేసు విచారణలో 1612లో ఆమె కోర్టులో పడ్డ హింసను వివరంగా రాసి, ఆమె బొమ్మ ఒక్కటి, అదీ పావు పేజీలో వేస్తారు. శత్రు సేనాపతి హోలోఫెర్నెస్ తల నరుకుతున్న బైబిల్ కథానాయిక జూడిత్‌ను ఆమె రెండుసార్లు వేసింది. ఒకటి నేపుల్స్‌లో ఉంది, ఇంకోటి ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో. రెండో దానిలో నెత్తురు ధారలుగా చిమ్ముతుంది, జూడిత్ చేతికి చిన్న చిన్న బొమ్మలు చెక్కిన కంకణం వచ్చి చేరుతుంది. రెండు చిత్రాలూ ఎదురెదురు పేజీల్లో పెట్టండి. పరిచారిక అతన్ని అదిమిపట్టిన తీరు, పైకి మడిచిన చొక్కా చేతులు, కత్తి పట్టిన పిడికిలి చూస్తే ఆమె ఎంత పెద్ద చిత్రకారిణో మాకే తెలుస్తుంది. ఆమెకు జరిగిన అన్యాయం చెప్పొద్దనడం లేదు. ఆమె చేసిన పనికి అంతకన్నా ఎక్కువ పేజీలివ్వమంటున్నాను.

బొమ్మా, దాని గురించిన మాటా ఒకే చోట ఉండాలన్నది కొత్త కోరికేం కాదు. పదహారో శతాబ్దపు ఇటలీ రచయిత వసారి చిత్రకారుల జీవితాల మీద రాసిన గ్రంథం 1568 నాటి రెండో కూర్పులో చిత్రకారుల ముఖాలు అచ్చయ్యాయి, వాళ్ళ చిత్రాలు మాత్రం లేవు. అప్పటికి అంతే వీలైంది. కళా చరిత్రకారుడు గోంబ్రిక్ 1950లో 'ది స్టోరీ ఆఫ్ ఆర్ట్' తెచ్చినప్పుడు, బొమ్మ చూపలేని చిత్రం గురించి వీలైనంత వరకు రాయకూడదని, చదువుతున్న మాటకు సంబంధించిన బొమ్మ పేజీ తిప్పకుండానే కనబడాలని నియమం పెట్టుకున్నారు. అందుకోసం ఒక చోట ఇంకాస్త రాసి, ఇంకోచోట ఒక బొమ్మ తీసేసి సర్దుకున్నామని ఆయనే ముందుమాటలో చెప్పారు. అన్నీ చేత్తో సర్దాల్సిన రోజుల్లో సాధ్యమైంది, కంప్యూటర్ మీద పేజీలు కూర్చే ఈ రోజుల్లో ఎందుకు కాదు?

ఫోటోల హక్కులకు డబ్బు కట్టాలి, మంచి స్కాన్ దొరకదు అని చాలాకాలం చెప్పేవారు. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుల విషయంలో అది ఇప్పటికీ నిజం. చాలా మ్యూజియంలు ఇంకా రుసుము అడుగుతాయి కూడా. అయితే న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం 2017లో కాపీరైట్ లేని తన వస్తువుల ఫోటోలు సుమారు 3,75,000 ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని తెరిచిపెట్టింది. రైక్స్ మ్యూజియం అంతకు ముందే ఆ పని చేసింది, తర్వాత షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ కూడా చేసింది. పెద్ద సైజు ఫోటో, కొలతలు అక్కడే దొరుకుతాయి. ఇంకా ఎక్కడో పాత పుస్తకంలోంచి స్కాన్ చేసి, మసకబారిన బొమ్మ వేయాల్సిన అవసరం లేదు.

మీ తర్వాతి పుస్తకం ప్రూఫులు బల్ల మీదికి వచ్చినప్పుడు ఒక్కో బొమ్మ దగ్గర ఆగి చూడండి. కొలత బొమ్మ కిందే ఉందా? నాలుగంచులూ ఉన్నాయా? మడతలో ఏం పోయింది? ఫోటో శుభ్రం చేయక ముందుదా, తర్వాతదా? ఒకే పేరుతో రెండు మూడు చిత్రాలుంటే ఇది ఏది, ఎక్కడుంది? వీటికి జవాబు లేని బొమ్మలు తీసేయాల్సి వస్తే తీసేయండి. మూడు వందల బొమ్మలున్నాయని అట్ట మీద గొప్పగా వేసుకునే బదులు నూట యాభై వేయండి. పుస్తకం పలచబడిందని ధర తగ్గించనక్కర్లేదు. అదే ధరకు కొంటాం.

ఇట్లు,
మీ పుస్తకాల పాఠకుడు